రాక్ గిటార్‌కు పెద్ద ట్యూబ్ ఆంప్: ఎంచుకోవడం, వాయించడం, కాపాడుకోవడం

ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబ్‌లతో గిటార్ సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్) కొనాలనుకునేవారు అన్నిటికన్నా ముందు వాట్ల సంఖ్యను చూస్తారు. ఆంప్ ఎంత మోత చేస్తుందన్నది ఆ సంఖ్యను బట్టి మనం ఊహించుకున్నంతగా మారదు. శక్తి రెట్టింపయితే ధ్వని పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే; చెవికి మోత రెండింతలైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు శక్తి పదింతలు కావాలి. అంటే 100 వాట్ల ఆంప్‌లో సగం మోత చేసేది 50 వాట్లది కాదు, 10 వాట్లది. 50 వాట్లంటే ఇంటికీ వేదికకూ సరిపోయే మధ్యరకమని నమ్మి కొన్నవారికి ఈ లెక్క మొదటి సాయంత్రమే తెలిసివస్తుంది.

మోత విషయంలో స్పీకర్‌కు ఉన్న పాత్రను చాలామంది పట్టించుకోరు. ఒక వాట్ శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తాయన్నదాన్ని స్పీకర్ సెన్సిటివిటీ అంటారు. సెలెస్టియన్ జీ12ఎం గ్రీన్‌బ్యాక్‌కు ఇది 98 డెసిబెల్స్, అదే సంస్థవారి వింటేజ్ 30కి 100. రెండు డెసిబెల్స్ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఆంప్ శక్తిని ఒకటిన్నర రెట్లకు మించి పెంచినదానితో అది సమానం. 98 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లు అందితే ఒక మీటరు దూరంలో ధ్వని లెక్కప్రకారం 115 డెసిబెల్స్‌కు చేరుతుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, చెవుల సంగతి వచ్చినప్పుడు దీనితో పని ఉంది.

మరి ఎక్కువ వాట్లకు డబ్బు పోసి కొనేది దేన్ని అంటే, గరగర లేని శుభ్రమైన ధ్వనికి దొరికే చోటును, కింది తీగల్లో వినిపించే బిగువును. శక్తి తక్కువ ఉన్న ఆంప్ త్వరగా డిస్టార్షన్‌లోకి, అంటే హద్దు మీరిన గరగర ధ్వనిలోకి, జారుతుంది. ఎక్కువ ఉన్నది గట్టిగా మీటినా నిటారుగా నిలబడుతుంది. డ్రమ్స్ పక్కన డిస్టార్షన్‌తో వాయించేవారికి 15 నుంచి 22 వాట్ల ఆంప్ సరిపోతుందనీ, అదే డ్రమ్స్ పక్కన శుభ్రమైన కార్డ్స్ కూడా వినిపించాలనుకునేవారికి 40, 50 వాట్లు అవసరమనీ నా అభిప్రాయం. 100 వాట్లను అవసరం కొద్దీ కాక ఇష్టం కొద్దీ కొనుక్కోవాలి. ఇష్టం కొద్దీ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

100 వాట్ల ఆంప్ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ మాట స్పష్టమవుతుంది. పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ నడిపిన సంగీత పరికరాల దుకాణంలో, అమెరికాలో తయారైన ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను అనుసరించి, 1960ల తొలి సంవత్సరాల్లో జేటీఎం45 ఆంప్ రూపొందింది. ఆ రోజుల్లో హాళ్లలో ఉండే పీఏ వ్యవస్థలు (మైకుల ధ్వనిని సభకు వినిపించే పరికరాలు) గాయకుడి గొంతుకే చాలీచాలనివి కావడంతో, గిటారిస్టు తన ఆంప్‌తోనే హాలంతా నింపవలసి వచ్చేది. ది హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఇంకా పెద్దది కావాలని కోరగా, 1965లో 100 వాట్ల ఆంప్ వచ్చింది. ఆయన అడిగిన ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ మోయలేనంత బరువు కావడంతో దాన్ని నాలుగేసి స్పీకర్ల రెండు పెట్టెలుగా విడగొట్టారు, ‘స్టాక్’ ఆకారం అలా స్థిరపడింది. ఇప్పుడు స్పీకర్ ముందు మైక్ పెట్టి పీఏ ద్వారా ఎంత పెద్ద మైదానానికైనా వినిపించవచ్చు గనుక ఆ అవసరం తీరిపోయింది. మిగిలింది ఆ ఆంప్ ముందు నిలబడి వాయించే అనుభూతి, దాని కోసమే ఈ శ్రమంతా.

లోపల ఏది ఎక్కడ

గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను ముందుగా ప్రీఆంప్ ట్యూబ్‌లు పెంచుతాయి. ఇవి వేలెడంత చిన్న గాజు గొట్టాలు, దాదాపు అన్ని గిటార్ ఆంప్‌లలోనూ 12ఏఎక్స్7 రకానివి. తరువాత పవర్ ట్యూబ్‌లు ఆ సిగ్నల్‌కు స్పీకర్‌ను కదిలించే బలాన్ని ఇస్తాయి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని స్పీకర్‌కు తగిన రూపంలోకి మారుస్తుంది. పవర్ ట్యూబ్‌లలో ఈఎల్34 మధ్యస్థాయి స్వరాలను ముందుకు తెచ్చి ఉరుముతుంది, 6ఎల్6 వెడల్పుగా, బేస్ గట్టిగా, ట్రెబుల్ గాజులా మెరుస్తూ పలుకుతుంది, ఈఎల్84 త్వరగా పగులుతూ గలగలమంటుంది. మార్షల్, ఫెండర్, వాక్స్ ఆంప్‌ల మధ్య మనకు వినిపించే తేడాలో ఇది ఒక భాగమే. సర్క్యూట్, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కలిసి మిగతాదాన్ని నిర్ణయిస్తాయి.

కొనేముందు తేల్చుకోవలసిన ముఖ్యమైన విషయం డిస్టార్షన్ ఎక్కడ పుడుతుందన్నది. పాత పద్ధతి ఆంప్‌లలో మాస్టర్ వాల్యూం ఉండదు. పవర్ ట్యూబ్‌లు, వాటిని నడిపే ఫేజ్ ఇన్వర్టర్ తమ హద్దును దాటినప్పుడే అసలు ధ్వని బయటికి వస్తుంది, ఆ హద్దు దాటేసరికి కిటికీ అద్దాలు కదులుతుంటాయి. మాస్టర్ వాల్యూం ఉన్న ఆంప్‌లలో, ఉదాహరణకు మార్షల్ 1975లో తెచ్చిన 2203 నమూనాలో, ప్రీఆంప్‌ను గట్టిగా నడిపి, దాని వెనుక మరో నాబ్‌తో మోతను తగ్గించుకోవచ్చు. మొదటిది వేలి ఒత్తిడికి, గిటార్ వాల్యూం నాబ్‌కు ఎక్కువగా స్పందిస్తుంది. రెండవది ఎక్కువ చోట్ల ఉపయోగపడుతుంది. వారానికి ఒకసారైనా పూర్తి మోతలో వాయించే చోటు లేనివారు మాస్టర్ వాల్యూం లేని 100 వాట్ల ఆంప్ కొనవద్దు.

వాడిన ఆంప్ కొంటున్నప్పుడు

మీ సొంత గిటార్‌తోనే వెళ్లండి. గిటార్ కలపకుండా ఆంప్‌ను వెలిగించి, వాల్యూంను నెమ్మదిగా పెంచుతూ వినండి. కొద్దిగా గుయ్‌మనడం, సన్నటి హిస్ సహజం. చిటపటలు, ఉండుండి పేలినట్టు వచ్చే శబ్దాలు, వాల్యూం నాబ్‌తో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో ఉండే పెద్ద హమ్ సహజం కావు. ప్రతి నాబ్‌నూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. తిప్పుతున్నప్పుడు మాత్రమే బరబరమంటే అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, దాన్ని చూపి ధర తగ్గించమని అడగవచ్చు. పెన్సిల్ వెనక భాగంతో ప్రీఆంప్ ట్యూబ్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. కొద్దిగా టక్కుమనడం మామూలే, గంటలా మోగినా కీచుమన్నా ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయిందని, అంటే కుదుపులను కూడా ధ్వనిగా మార్చేస్తోందని, అర్థం. ట్యూబ్ మార్చడం పెద్ద ఖర్చు కాదు గనుక దానికోసం మంచి ఆంప్‌ను వదులుకోనక్కర లేదు.

ఆ తరువాత లైట్లు తగ్గించి వెనక నుంచి పవర్ ట్యూబ్‌లను చూడండి. ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం దాని పని. గాజు లోపలి గోడల మీద నీలి కాంతి ఆడుతున్నా కంగారు పడవద్దు, అది దోషం కాదు. మధ్యలో ఉండే బూడిదరంగు లోహపు ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. ఆ ట్యూబ్‌లో మితిమీరిన కరెంటు ప్రవహిస్తోంది, దాని వెనక బయాస్ (వాయించనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) లోపమో, కెపాసిటర్ లోపమో ఉంటుంది. గాజు లోపల అద్దంలా మెరిసే వెండి పూత పాలలా తెల్లబడితే ఆ ట్యూబ్‌లోకి గాలి చేరినట్టే, దానికి ఇక పని లేదు.

అమ్మేవారు అభ్యంతరపెట్టకపోతే కనీసం పావుగంట గట్టిగా వాయించండి, ఎందుకంటే వేడెక్కిన తరువాతే బయటపడే లోపాలు ఈ ఆంప్‌లలో చాలా ఉంటాయి. ముప్ఫై, నలభై ఏళ్ల నాటి ఆంప్ అయితే ఫిల్టర్ కెపాసిటర్లు ఎప్పుడు మార్చారో అడగండి. మార్చలేదని గొప్పగా చెబితే ఆ ఖర్చును మీ లెక్కలో వేసుకోండి. వేరే దేశం నుంచి వచ్చిన ఆంప్ అయితే అది ఎన్ని వోల్టులకు అమర్చి ఉందో వెనక పలక మీద చూడకుండా ప్లగ్ పెట్టవద్దు.

కలపడం: ఇక్కడ పొరపాటుకు చోటు లేదు

ట్యూబ్ ఆంప్ విషయంలో ఒకే ఒక్క నియమం గుర్తుంచుకోవాలంటే అది ఇదే: స్పీకర్ కలపకుండా ఆంప్‌ను వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని అయస్కాంత క్షేత్రంలో చేరిన శక్తి స్పీకర్ ద్వారా ఖర్చవ్వాలి. స్పీకర్ లేనప్పుడు దానికి వెళ్లే దారి ఉండదు, దాంతో ట్యూబ్‌ల వైపు వోల్టేజి మామూలు స్థాయికి ఎన్నో రెట్లు ఎగసి, ట్యూబ్ సాకెట్‌లో నిప్పురవ్వలు రేపుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. ట్రాన్సిస్టర్ ఆంప్‌లు వాడినవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చు. వాటికి స్పీకర్ లేకపోయినా ఫరవాలేదు, షార్ట్ అయితేనే ప్రమాదం. అందువల్ల స్పీకర్ కేబుల్‌ను ముందుగా కలిపి, దాన్ని రెండు చివర్లా లాగి చూసి, ఆ తరువాతే పవర్ స్విచ్ మీద చేయి వేయండి.

ఆ కేబుల్ కూడా స్పీకర్ కోసం చేసిందే కావాలి. గిటార్ కేబుల్‌కు అదే ఆకారం జాక్ ఉన్నంత మాత్రాన అది పనికిరాదు. దాని మధ్య తీగ సన్నగా ఉంటుంది, పెద్ద ఆంప్ ఇచ్చే కరెంటుకు వేడెక్కి కాలిపోవచ్చు, కాలిపోతే స్పీకర్ లేకుండా వాయించినట్టే అవుతుంది. రెండు కేబుళ్లూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి స్పీకర్ కేబుల్‌కు రంగు టేపు చుట్టి పెట్టుకోవడం మంచిది.

స్పీకర్ కరెంటుకు చూపే నిరోధాన్ని కొలిచే ఓంల లెక్క కష్టమైనదేమీ కాదు. క్యాబినెట్ 16 ఓంలైతే ఆంప్‌ను 16 దగ్గర పెట్టాలి, 8 అయితే 8 దగ్గర. 16 ఓంల క్యాబినెట్లు రెండు ఆంప్ వెనక ఉన్న రెండు జాక్‌లకు కలిపితే అవి ప్యారలల్‌గా ఉండి 8 ఓంలవుతాయి. 8 ఓంలవి రెండయితే 4 అవుతాయి. ఒక మెట్టు తేడాను చాలా ఆంప్‌లు తట్టుకుంటాయని అంటారు, కొన్ని తట్టుకుంటాయి కూడా, కానీ సరైన జాక్ పక్కనే ఉండగా ఆ పరీక్ష పెట్టడం దండగ. స్పీకర్ల వాట్ల విషయంలో ఉదారంగా ఉండండి. ఆంప్ మీద రాసిన 50 వాట్లు డిస్టార్షన్ మొదలవక ముందు ఇచ్చే శక్తి. పూర్తిగా తెరిచి వాయించినప్పుడు అది అంతకన్నా చాలా ఎక్కువ పంపిస్తుంది. 25 వాట్ల స్పీకర్ ఒక్కటే పెట్టి 50 వాట్ల ఆంప్‌ను నడిపితే వాయిస్ కాయిల్ కాలిపోవడం ఖాయం. కనీసం ఒకటిన్నర రెట్లు తట్టుకునే క్యాబినెట్ తీసుకోవాలి.

ఎర్త్ గురించి ఒక హెచ్చరిక. హమ్ తగ్గుతుందని చెప్పి ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను విరిచేవారు, ఎర్త్ లేని అడాప్టర్ వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైక్రోఫోన్‌ను తాకి వేదిక మీదే విద్యుదాఘాతంతో మరణించాడు. గిటార్ తీగలు మీ చేతుల్లో ఉంటాయి, మైక్ మీ పెదవుల దగ్గర ఉంటుంది, ఆ రెండింటి మధ్య వోల్టేజి తేడా ఉంటే కరెంటుకు దారి మీ శరీరమే. ఆంప్‌నూ, గిటార్ ధ్వనిని మార్చే పెడళ్లనూ ఒకే సాకెట్ వరుస నుంచి నడపడం, పెడళ్లకు విడివిడి అవుట్‌పుట్‌లున్న పవర్ సప్లై వాడడం వంటివి హమ్‌కు సరైన మందులు.

స్టాండ్‌బై స్విచ్ (ట్యూబ్‌లను వేడిగా ఉంచి ధ్వనిని మాత్రం ఆపేది) ఉంటే ముందు పవర్ వేసి, అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగి, తరువాత స్టాండ్‌బై తియ్యండి. విరామం అరగంట దాటితే స్టాండ్‌బైలో గంటల తరబడి ఉంచకుండా పూర్తిగా ఆపేయండి. వేడిగా ఉండి కరెంటు ప్రవహించని కాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లను వదిలే భాగం) క్రమంగా చెడుతుంది.

ఆంప్‌ను ఎక్కడ పెట్టాలి

పన్నెండు అంగుళాల స్పీకర్ నుంచి బేస్ అన్ని వైపులకూ పరుచుకుంటుంది, ట్రెబుల్ మాత్రం టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పోతుంది. ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే కాంబో ఆంప్‌ను నేల మీద పెట్టి దాని ముందు నిలబడిన గిటారిస్టుకు ఆ ట్రెబుల్ మోకాళ్లకు తగులుతుంది తప్ప చెవికి అందదు. ధ్వని మొద్దుగా ఉందనుకొని అతను ట్రెబుల్, ప్రెజెన్స్ (పై స్వరాల పదునును మార్చే నాబ్) పెంచుతాడు. ఆ వరుసలో సరిగ్గా ఎదురుగా కూర్చున్న శ్రోతల చెవులు చిల్లులు పడతాయి. ఆంప్‌ను స్టాండ్ మీద వెనక్కి వాల్చి పెట్టడమో, కుర్చీ ఎత్తుకు లేపడమో చేస్తే ఈ తంటా పోతుంది, పైగా మీకు మీరు స్పష్టంగా వినిపించడం వల్ల తక్కువ మోతతోనే సరిపెట్టుకోగలుగుతారు. టోన్ సరిచేసేటప్పుడు వాల్యూం తగ్గించి, ఒకసారి వంగి స్పీకర్ ఎత్తులో చెవి పెట్టి వినండి. మైక్ వినేది అదే.

గది మూలలో పెడితే బేస్ ఉబ్బుతుంది. గోడ నుంచి కాస్త జరిపితే చాలాసార్లు ఏ నాబ్ తిప్పక్కర లేకుండానే ధ్వని తేటపడుతుంది. వెనక తెరిచి ఉండే క్యాబినెట్లకు ఈ తేడా మరింత ఎక్కువ.

నాబ్‌లు తిప్పడం

ఇంట్లో తక్కువ మోతలో కుదిరిన సెట్టింగ్‌ను వేదిక మీదికి తీసుకుపోవడం వల్లే చాలామంది ధ్వని చెడుతుంది. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు చెవి బేస్‌నూ, బాగా పైనున్న ట్రెబుల్‌నూ తక్కువగా వింటుంది; దీన్ని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. అందుకని ఇంట్లో మనం తెలియకుండానే బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గిస్తాం. అదే అమరిక పెద్ద మోతలో బురదలా మారుతుంది. బేస్ గిటార్ బేస్‌ను, సింబల్స్ ట్రెబుల్‌ను ఆక్రమించుకోవడంతో మధ్యలో ఖాళీ ఉన్న గిటార్ ఎంత పెంచినా వినిపించదు. మిడ్ పెంచితే ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో పాడినట్టుండే గిటార్, బృందంలో తన చోటు తనే వెతుక్కుంటుంది.

మాస్టర్ వాల్యూం లేని ఆంప్‌తో ఇలా మొదలుపెట్టండి. గిటార్ వాల్యూం పూర్తిగా తెరిచి, ఆంప్‌లో ట్రెబుల్, మిడ్, బేస్ సగం దగ్గర పెట్టి, ప్రెజెన్స్ తక్కువగా ఉంచి, వాల్యూం 3 దగ్గర ఒక ఓపెన్ ఈ కార్డ్ మీటండి. ఒక్కో గీత పెంచుతూ అదే కార్డ్‌ను అదే బలంతో మీటుతూ పోండి. మొదట్లో ప్రతి గీతకూ మోత పెరుగుతుంది. 4కూ 6కూ మధ్య ఎక్కడో ఒకచోట మోత పెరగడం దాదాపు ఆగిపోయి, ధ్వని మందమవడం మొదలవుతుంది. మీటిన తొలి క్షణపు కరుకుదనం మెత్తబడి, కార్డ్ కొంచెం ఆలస్యంగా ఉబ్బి పైకి లేచినట్టు చేతికి తెలుస్తుంది. పవర్ ట్యూబ్‌లు తమ హద్దుకు చేరిన చోటు అది. ఇక బ్రిడ్జి దగ్గర అరచేతి అంచు ఆనించి ఆరో తీగను వరుసగా మీటండి. దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే, ప్రతి దెబ్బా విడిగా వినిపించే దాకా బేస్ తగ్గించండి. పెద్ద మార్షల్ ఆంప్‌లలో బేస్ ఒకటి, రెండు దగ్గరికి దిగిపోవడం మామూలే, ఆ సంఖ్యను చూసి జంకవద్దు. రెండు ఛానెళ్లున్న పాత పద్ధతి మార్షల్‌లో ఒక చిన్న కేబుల్‌తో రెండు ఇన్‌పుట్‌లనూ కలిపి, పదునైన ఛానెల్‌కు మెత్తటి ఛానెల్‌ను కొద్దికొద్దిగా జతచేయడం ఇంకా మంచి పద్ధతి.

టోన్ నాబ్‌లు ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయని గమనించండి. ట్రెబుల్ బాగా పెంచితే మిడ్ నాబ్ ప్రభావం తగ్గుతుంది. ఆ నాబ్‌లు ఉన్నదాన్ని తగ్గించగలవే తప్ప లేనిదాన్ని చేర్చలేవు. ప్రెజెన్స్ వీటితో చేరదు, అది పవర్ విభాగంలోని ఫీడ్‌బ్యాక్ వలయంలో పనిచేస్తుంది, కాబట్టి దాన్ని పూర్తి మోతలో మాత్రమే సరిచేయాలి. మాస్టర్ వాల్యూం ఉన్న ఆంప్‌లో మోత పెంచిన కొద్దీ గెయిన్ తగ్గించండి. స్పీకర్లూ పవర్ ట్యూబ్‌లూ చేర్చే మందం దాన్ని భర్తీ చేస్తుంది, మీ కార్డ్‌లలోని స్వరాలు విడివిడిగా నిలుస్తాయి.

ఇలా అమర్చిన ఆంప్‌ను ఇక మీద గిటార్ నాబ్‌తోనే నడపాలి. 10 దగ్గర సోలో, 7 దగ్గర రిథమ్, 4 దగ్గర దాదాపు శుభ్రమైన ధ్వని. ఛానెల్ మార్చే ఫుట్‌స్విచ్‌కు అలవాటు పడిన చేతికి ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కానీ పెద్ద ట్యూబ్ ఆంప్ కొన్నందుకు దక్కే అసలు సుఖం ఇదే. నాబ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ మూగబోతుంటే గిటార్ వాల్యూం నాబ్‌కు ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ వేయించుకోండి.

ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడేవారు డ్రైవ్ కనిష్ఠంగా, లెవెల్ గరిష్ఠంగా పెట్టి చూడాలి. అప్పుడు డిస్టార్షన్ పెడల్‌లో కాకుండా ఆంప్‌లో పుడుతుంది. ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ అయితే కింది స్వరాలను కాస్త కోసి ఆంప్‌కు పంపుతుంది గనుక బిగువు కూడా పెరుగుతుంది. డిలే, రివర్బ్‌లను ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ప్రీఆంప్‌కూ పవర్ విభాగానికీ మధ్య ఉండే జాక్‌లలో, పెట్టాలి. డిస్టార్షన్ పవర్ ట్యూబ్‌లలో పుడుతున్నప్పుడు లూప్ కూడా కాపాడలేదు, అక్కడ డిలేను తగ్గించుకోవడమే దారి.

ఫీడ్‌బ్యాక్‌ను భయపడి దూరం పెట్టవద్దు. స్పీకర్ ధ్వని గాలిలోంచి వచ్చి తీగను మళ్లీ కదిలించడం వల్ల స్వరం ఆగకుండా సాగుతుంది. ఆంప్ ఎదురుగా నిలబడి ఒక స్వరం పట్టి, ఒక్కో అడుగు ముందుకూ వెనక్కూ వేసి చూడండి. ఒక చోట అదే స్వరం, మరో చోట దాని పై స్థాయి స్వరం పలుకుతుంది. ఆ చోట్లను నేల మీద టేపుతో గుర్తు పెట్టుకుని వాయించే గిటారిస్టులు ఉన్నారు. తీగలన్నీ మూసినా కీచుమంటూ సాగేది మాత్రం వేరు, అది పికప్ లోపలి కాయిల్ వణకడం వల్ల వచ్చేది. పికప్‌ను మైనంలో ముంచి గట్టిపరిస్తే పోతుంది.

మోత తగ్గించే ఉపాయాలు

ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టే అటెన్యుయేటర్ కొంత శక్తిని వేడిగా మార్చి మిగతాదాన్నే స్పీకర్‌కు పంపుతుంది. రెసిస్టర్లతో మాత్రమే చేసినదానికన్నా, స్పీకర్ స్వభావాన్ని అనుకరించే రియాక్టివ్ రకం ఖరీదైనా మేలు. దాని ఓంలు ఆంప్‌తో సరిపోవాలి, వాట్లు ఆంప్‌కన్నా ఎక్కువ ఉండాలి. కొన్ని డెసిబెల్స్ తగ్గించినప్పుడు ధ్వని చక్కగా నిలబడుతుంది. గుసగుసల స్థాయికి తెస్తే స్పీకర్ కదలదు, చెవి కూడా పైన చెప్పిన కారణంగా బేస్‌ను వదిలేస్తుంది, అప్పుడు పరికరాన్ని తిట్టి లాభం లేదు. బయట మోత తగ్గినా లోపల పవర్ ట్యూబ్‌లు పూర్తి శ్రమ చేస్తూనే ఉంటాయని, అవి త్వరగా అరుగుతాయని మరువవద్దు.

నాలుగు పవర్ ట్యూబ్‌లలో రెండు తీసేసి 100 వాట్లను 50 చేయడం మరో పాత ఉపాయం. ఏ రెండు తీయాలో, ఓంల స్విచ్‌ను క్యాబినెట్ ఓంలలో సగానికి మార్చాలన్న సంగతి తెలిసినవారి చేతనే చేయించండి. ఇంతా చేసి తగ్గేది 3 డెసిబెల్స్.

చెవులు

అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. ముందు లెక్కగట్టిన 115 డెసిబెల్స్ దగ్గర అది అర నిమిషం కూడా కాదు, 28 సెకన్లు. పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి లోపం గురించీ, చెవుల్లో ఆగని మోత గురించీ బహిరంగంగానే చెప్పుకున్నాడు. ఫోమ్ ప్లగ్‌లు ట్రెబుల్‌ను ఎక్కువగా మింగేసి ధ్వనిని మొద్దుబారుస్తాయి గనుక వాయించేవారు వాటిని మధ్యలో తీసేస్తుంటారు; అన్ని స్వరాలనూ దాదాపు సమంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్‌లు కొనుక్కుంటే తీయాలనిపించదు. వాయించిన మర్నాడు చెవుల్లో గింగురుమంటుంటే ముందు రోజు మోత మితిమీరిందని అర్థం.

ట్యూబ్‌లు, ఫ్యూజులు, మోతబరువులు

ప్రీఆంప్ ట్యూబ్‌లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, వాటిని మార్చడానికి ఏ సర్దుబాటూ అక్కర్లేదు. పవర్ ట్యూబ్‌లు అరిగేకొద్దీ ధ్వని పేలవమై, బేస్ వదులై, మోత తగ్గుతుంది. మార్చేటప్పుడు జతగా కొలిచి అమ్మేవాటినే తీసుకోవాలి. వాక్స్ ఏసీ30 వంటి కాథోడ్ బయాస్ ఆంప్‌లు తమంతట తామే సర్దుకుంటాయి. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌లలో కొత్త ట్యూబ్‌లతో పాటు బయాస్ సరిచేయాలి. ఈఎల్34 ప్లేటు భరించగల వేడి 25 వాట్లు. అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు, సాధారణంగా పాటించే పైహద్దు. ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబ్‌కు సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఈ లెక్క తెలిసి ఉండడం టెక్నీషియన్‌తో మాట్లాడడానికి పనికివస్తుంది కానీ, ఆ పని నేర్చుకోనివారు మూత విప్పకూడదు. ప్లగ్ తీసేసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండి ప్రాణం తీయగలవు.

ఫ్యూజు పోతే అదే విలువ, అదే స్లో బ్లో రకం వేయండి. రెండోది కూడా పోతే లోపల ఏదో కాలుతోందని ఆంప్ చెబుతోంది. పెద్ద విలువ ఫ్యూజు వేసి దాని నోరు మూయిస్తే తరువాత పోయేది ట్రాన్స్‌ఫార్మర్. వాయించడం అయ్యాక ట్యూబ్‌లు చల్లారేదాకా ఆంప్‌ను కదిలించవద్దు, వేడి మీద కుదుపులకు లోపలి భాగాలు త్వరగా చెడుతాయి. నాలుగు స్పీకర్ల మార్షల్ క్యాబినెట్ సుమారు 36 కిలోలు, దాన్ని ఒంటరిగా మెట్లెక్కించే ముందు నడుము గురించి ఆలోచించండి.

సంచీలో ఒక జత పవర్ ట్యూబ్‌లు, ఒక 12ఏఎక్స్7, రెండు రకాల ఫ్యూజులు, అదనపు స్పీకర్ కేబుల్ ఎప్పుడూ ఉండాలి. వేదిక మీద ధ్వని ఆగిపోతే ముందుగా ఆంప్‌ను స్టాండ్‌బైలో పెట్టి, స్పీకర్ కేబుల్ సరిగా ఉందో లేదో చూడండి. అది సరిగా ఉంటే పెడళ్లన్నిటినీ వదిలేసి గిటార్‌ను నేరుగా ఆంప్‌కు కలపండి. ఇలాంటి సందర్భాల్లో ఎక్కువసార్లు తప్పు పెడళ్ల మధ్య చిన్న కేబుల్‌లోనే దొరుకుతుంది. అప్పటికీ పలకకపోతే, లైటు వెలుగుతుండగా ధ్వని లేకపోవడం హెచ్‌టీ ఫ్యూజు (ట్యూబ్‌లకు వెళ్లే హై వోల్టేజి వైపు ఫ్యూజు) పోయినదానికి గుర్తు, లైటు కూడా లేకపోతే మెయిన్ ఫ్యూజు పోయినదానికి గుర్తు. ధ్వని ఉండి సన్నబడినా చిటపటలాడినా ఇన్‌పుట్ జాక్‌కు దగ్గరగా ఉన్న మొదటి ప్రీఆంప్ ట్యూబ్‌ను, ఆంప్ ఆపేసి, చేతికి గుడ్డ చుట్టుకుని మార్చి చూడండి.